సరి-బేసి కాపలా

వానలో తడుస్తూ ఇంటికి వచ్చారు. చొక్కా జేబులో కిరాణా కొట్టు చీటీ నానిపోయింది. విప్పి చూస్తే కందిపప్పు ఎదుట 160, బెల్లం ఎదుట 70 కనబడుతున్నాయి. నూనె ఎదుట సిరా కరిగి మరక మిగిలింది. అడుగున మొత్తం 410 రూపాయలు అన్నది మాత్రం చెక్కుచెదరలేదు. నూనెకు ఎంత ఇచ్చారు?

180 రూపాయలని మీరు ఈపాటికే చెప్పేసి ఉంటారు. చెరిగిపోయిన అంకెను మీరు చూడలేదు. మిగిలిన అంకెలూ, మొత్తమూ కలిసి దాన్ని పట్టి ఇచ్చాయి.

ఇంత చిన్న తీసివేత లెక్క మీద ఒక పెద్ద ఏర్పాటు ఆధారపడి ఉన్నది. కంప్యూటరు డిస్కు ఉన్నట్టుండి పాడైపోయినా దానిలోని ఫోటోలు, పాటలు, కాగితాలు పోకుండా కాపాడేది ఇలాంటి లెక్కే. ఆ లెక్క ఎలా కాపలా కాస్తుంది? పాత డిస్కులు తీసి పెద్దవి పెట్టేటప్పుడు ఆ కాపలా ఎక్కడ సడలుతుంది? అప్పుడు మనం ఏం చెయ్యాలి? ఒక్కొక్కటే చూద్దాం.

ఇంట్లో ఒక గాదె

గుడివాడలో ఒక ఇల్లు ఊహించుకోండి. అది మీ ఇల్లే అనుకోండి. నాయనమ్మ, తాతయ్యల పెళ్లి ఫోటో గోడకు ఉన్నది. అంచులు చెదలు తినేశాయి. తాతయ్య గొంతు రికార్డు చేసిన క్యాసెట్టు బీరువాలో ఉన్నది. దాన్ని వినిపించే టేపు రికార్డరు పాడై ఎన్నో ఏళ్లయింది. అక్క పెళ్లి వీడియో ఉన్నది. పొలం దస్తావేజులు ఉన్నాయి. నాన్నగారు ఓపిగ్గా వీటన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించారు.

గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారి పాటలను మీ తాతయ్య గ్రామఫోను రికార్డు మీద విన్నారు. మీ నాన్నగారు క్యాసెట్టులో విన్నారు. మీరు ఫోనులో వింటున్నారు. పాట అదే, దాన్ని మోసే వస్తువు మారుతూ వచ్చింది. ఒక వస్తువు పాతబడేలోగా మరొకదాని మీదికి ఎక్కించినవారు ఉండబట్టే పాట మీదాకా వచ్చింది.

ఇన్ని సంగతులనూ ఒకచోట దాచి, ఇంట్లో ఎవరు ఏది అడిగితే దాన్ని అందించే పెట్టెను సర్వరు అంటారు. హోటలులో ఇడ్లీ తెచ్చి పెట్టే సర్వరు మీకు తెలుసు కదా, ఇదీ అలాంటిదే. అమ్మ ఫోనులో పెళ్లి ఫోటో అడిగితే ఫోటో, మీరు పాట అడిగితే పాట వడ్డిస్తుంది. పల్లెల్లో ధాన్యానికి గాదె ఎలాంటిదో మన జ్ఞాపకాలకు ఈ పెట్టె అలాంటిది.

తిరిగే పళ్లేలు

ఆ పెట్టెలో హార్డ్ డిస్కులు ఉంటాయి. హార్డ్ డిస్కు లోపల అద్దంలా నున్నగా ఉండే పళ్లేలు ఉంటాయి. వాటి మీద అయస్కాంత పదార్థం పలుచగా పూసి ఉంటుంది. సాధారణంగా అవి నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతాయి. పళ్లేనికి పైన ఒక చిన్న తల కదులుతూ చదవడం, రాయడం చేస్తుంది. ఆ తల పళ్లేన్ని తాకదు. తల వెంట్రుక మందంలో వేలో వంతు కన్నా తక్కువ ఎత్తున తేలుతూ ఉంటుంది! దుమ్ము కణం అడ్డుపడినా, పెట్టెకు గట్టి దెబ్బ తగిలినా తల పళ్లేన్ని గీకవచ్చు. అప్పుడు దాని మీద ఉన్నది పోయినట్టే.

మొదటి హార్డ్ డిస్కును ఐబీఎం సంస్థ 1956లో బయటికి తెచ్చింది. దానిలో రెండేసి అడుగుల వెడల్పు గల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిసి దాచినవి సుమారు 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు అరచేతిలో పట్టే 8 టెరాబైట్ల డిస్కు 8 లక్షల కోట్ల బైట్లు దాస్తుంది. అంటే దాదాపు 16 లక్షల రెట్లు! అయితే దాచే శక్తి పెరిగిన కొద్దీ ఒక్క డిస్కు పాడైతే పోయేది కూడా అంతగా పెరిగింది.

పైగా, తిరిగే వస్తువు ఏదైనా ఏదో ఒకనాడు ఆగుతుంది. మన ఇంటి పెట్టెలో డిస్కులు నాలుగు ఉంటే, ఏదో ఒకటి పాడయ్యే అవకాశం కూడా ఒక్క డిస్కు ఉన్నప్పటికన్నా దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. మరి ఎలా?

సున్నాలూ ఒకట్లూ

కంప్యూటరుకు తెలిసిన అంకెలు రెండే: 0, 1. ఒక్కొక్క అంకెను బిట్టు అంటారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 'అ' అనే ఒక్క అక్షరాన్ని దాచడానికి ఇప్పుడు సాధారణంగా వాడే పద్ధతిలో 3 బైట్లు, అంటే 24 బిట్లు కావాలి. ఫోటో అయినా, పాట అయినా చివరికి డిస్కు మీద ఉండేవి సున్నాలూ ఒకట్లే.

మన పెట్టెలో మూడు డిస్కులు ఉన్నాయనుకోండి. వాటికి అ, ఆ, ఇ అని పేర్లు పెడదాం. నాలుగోది కాపలా డిస్కు. దానిలో ఫోటోలు ఉండవు, పాటలు ఉండవు. మిగిలిన మూడింటి లెక్క మాత్రమే ఉంటుంది. ఆ లెక్క ఇదీ: ఒక్కొక్క స్థానంలో నాలుగు డిస్కుల ఒకట్లనూ కలిపితే సరిసంఖ్య రావాలి. మూడింటిలో ఒకట్లు బేసిగా ఉంటే కాపలా డిస్కులో 1 వేసి సరి చెయ్యాలి. ముందే సరిగా ఉంటే 0 వెయ్యాలి. దీన్నే ప్యారిటీ అంటారు.

అ : 1 0 1 1 0 1
ఆ : 0 0 1 0 1 1
ఇ : 1 1 0 0 1 1
కాపలా : 0 1 0 1 0 1

మొదటి నిలువు వరస చూడండి. 1, 0, 1. ఒకట్లు రెండు, సరి. కనుక కాపలా 0. రెండో వరసలో 0, 0, 1. ఒకటే ఒకటి, బేసి. కనుక కాపలా 1. మిగిలిన నాలుగూ మీరే సరిచూడండి.

ఇప్పుడు 'ఆ' డిస్కు పాడైపోయిందనుకోండి. మీ చేతితో ఆ వరసను మూసెయ్యండి. మొదటి స్థానంలో మిగిలినవి 1, 1, 0. ఒకట్లు సరిగానే ఉన్నాయి కనుక పోయినది 0. మూడో స్థానంలో మిగిలినవి 1, 0, 0. బేసి. సరి కావాలంటే పోయినది 1 అయి తీరాలి. ఇలా ఆరు స్థానాలూ చేస్తే 0 0 1 0 1 1 వస్తుంది. చెయ్యి తీసి చూడండి. పోయిన డిస్కు తిరిగి వచ్చింది!

కిరాణా చీటీ లెక్క ఇదే కదా? అక్కడ మొత్తం చేసిన పనిని ఇక్కడ సరి-బేసి చేసింది. కాపలా డిస్కే పాడైతే? భయం లేదు. అ, ఆ, ఇ ఉన్నాయి కనుక లెక్క మళ్లీ కట్టుకోవచ్చు. నాలుగింటిలో ఏ ఒక్కటి పోయినా మిగిలిన మూడూ దాన్ని పట్టి ఇస్తాయి.

ఎవరి ఆలోచన?

పాడైన డిస్కులో ఉన్నదాన్ని ఇలా మిగిలినవాటి నుంచి రాబట్టే పద్ధతికి ఐబీఎంలో పనిచేసిన నార్మన్ కెన్ ఔచి అనే ఆయన 1978లో పేటెంటు పొందాడు. తర్వాత 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక వ్యాసం రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒక్కటి కొనే బదులు చవకైన చిన్న డిస్కులు చాలా కొని, పాడైనప్పుడు ఆదుకొనే లెక్కతో వాటిని కట్టగా కట్టవచ్చునని వారు చూపించారు. ఆ కట్టకు రెయిడ్ అని పేరు పెట్టారు. ఈ ఆలోచన పెద్ద సంస్థల యంత్రాలలో మొదలై ఇప్పుడు ఇంటి అలమారలోకి వచ్చింది.

పెట్టె నిండింది

మన గుడివాడ ఇంటికి వద్దాం. అ, ఆ, ఇ ఒక్కొక్కటి 4 టెరాబైట్లు. కాపలా డిస్కు కూడా 4 టెరాబైట్లే. నిల్వకు పనికివచ్చే చోటు మూడు నాలుగులు 12. అది నిండిపోయింది. పెట్టెలో అయిదు అరలు ఉన్నాయి, ఒకటి ఖాళీ. నాన్నగారు విజయవాడ వెళ్లి 8 టెరాబైట్ల డిస్కులు రెండు తెచ్చారు. వాటిని ఎలా బిగించాలి? చదవడం కాసేపు ఆపి ఆలోచించండి.

"ఇందులో ఏముంది? 'అ' తీసేసి కొత్తది పెడితే సరి" అన్నారా? తొందరపడ్డారు. కొత్త డిస్కులో 8 టెరాబైట్ల స్థానాలు ఉన్నాయి. కాపలా డిస్కులో ఉన్నవి నాలుగే. మొదటి సగానికి కాపలా ఉంటుంది. రెండో సగానికి లెక్క రాయడానికి చోటేది? చీటీలో పది సరుకులు ఉండి, అయిదింటికే మొత్తం కట్టినట్టు అవుతుంది. అందుకే ఇలాంటి పెట్టెలో మొదటి సూత్రం ఇది: కాపలా డిస్కు మిగిలిన ఏ డిస్కు కన్నా చిన్నది కాకూడదు. కనుక ముందు మార్చవలసింది కాపలా డిస్కునే.

మొదటి కొత్త డిస్కును కాపలా స్థానంలో పెడతాం. పెట్టె అ, ఆ, ఇ లను మొదటి నుంచి చివరిదాకా చదివి సరి-బేసి లెక్క కొత్తగా కడుతుంది. 4 టెరాబైట్లు దాటిన తర్వాత పాత డిస్కులలో స్థానాలే లేవు; అక్కడ అన్నీ సున్నాలే ఉన్నట్టు లెక్క. సున్నాల మొత్తం సున్నా, అది సరిసంఖ్య. కనుక కాపలాలోనూ సున్నాలు పడతాయి.

అది పూర్తయ్యాక రెండో కొత్త డిస్కును 'అ' స్థానంలో పెడతాం. ఆ, ఇ, కాపలా మూడూ కలిసి 'అ'లో ఉండవలసినదంతా కొత్త డిస్కు మీద రాస్తాయి. చోటు 8, 4, 4 కలిసి 16 టెరాబైట్లు అయింది.

లెక్కను ఒకే డిస్కులో ఉంచకుండా అన్ని డిస్కుల మీదా కొంచెం కొంచెంగా పంచే పద్ధతి కూడా ఉన్నది. అటువంటి పెట్టెలో డిస్కులను ఒకటి తర్వాత ఒకటిగా అన్నిటినీ మార్చిన తర్వాతే పెరిగిన చోటు సాధారణంగా చేతికి వస్తుంది.

రెండు ఒకేసారి మారిస్తే?

కాపలా డిస్కునూ 'అ'నూ కలిపి ఒకేసారి మారిస్తే పని త్వరగా అవుతుంది కదా అని మీకు అనిపించవచ్చు. బీజగణితం గుర్తు తెచ్చుకోండి. x + 6 = 14 అంటే x ఎంతో చెప్పగలరు. x + y = 14 అంటే? 8, 6 కావచ్చు. 9, 5 కావచ్చు. ఒక్క సమీకరణంతో రెండు తెలియని రాశులు తేలవు. ఒక్క కాపలా డిస్కు ఒక్క సమీకరణం. రెండు డిస్కులు ఒకేసారి లేకుండా పోతే అది నోరు మూసుకొని కూర్చుంటుంది.

అందుకే ముఖ్యమైనచోట్ల రెండు కాపలా డిస్కులు పెడతారు. రెండోది మామూలు మొత్తం కాక, ఒక్కొక్క డిస్కును వేరువేరు గుణకంతో గుణించి కట్టిన లెక్క. x + y = 14 తో పాటు x + 2y = 20 అని కూడా తెలిస్తే y = 6, x = 8 అని ఇట్టే తేలుతుంది. అప్పుడు ఏ రెండు డిస్కులు పోయినా ఫరవాలేదు.

గండం గడిచేదాకా

ఇక అసలు సంగతికి వచ్చాం. ఒక డిస్కు తీసి కొత్తది పెట్టి, దాని మీద రాయడం పూర్తయ్యే వరకు మన పెట్టెకు కాపలా లేదు. ఆ సమయం ఎంత? లెక్క వేద్దాం. డిస్కు సెకనుకు సగటున 16 కోట్ల బైట్లు రాస్తుందనుకుందాం. 8 లక్షల కోట్లను 16 కోట్లతో భాగిస్తే 50,000 సెకన్లు. అంటే 13 గంటల 53 నిమిషాలు! పొద్దున ఆరు గంటలకు మొదలుపెడితే రాత్రి ఎనిమిది కావస్తుంది. అంతసేపూ మిగిలిన డిస్కులు ఆపకుండా పనిచెయ్యాలి. వాటిలో ఒకటి అప్పుడే పాడైతే?

ఇంకొక సంగతి కూడా ఉన్నది. డిస్కు మొత్తంగా పాడు కాకపోయినా, అక్కడక్కడ ఒక చోటును చదవలేకపోవచ్చు. కోటి కోట్ల బిట్లు చదివితే ఇలాంటి చోటు ఒకటికి మించి తగలదని చాలా మామూలు డిస్కుల తయారీదారులు చెబుతారు. కోటి కోట్ల బిట్లంటే పన్నెండున్నర టెరాబైట్లు. మన పెట్టెలో 'అ'ను తిరిగి కట్టడానికి ఆ, ఇ, కాపలా డిస్కుల నుంచి నాలుగేసి చొప్పున 12 టెరాబైట్లు చదవాలి. నిజానికి డిస్కులు చాలా వరకు ఈ లెక్క కన్నా బాగానే పనిచేస్తాయి. అయినా జాగ్రత్త పడడం మన వంతు. ఆ జాగ్రత్తలు ఇవి.

మొదట, పాతవి తియ్యకముందే పెట్టె చేత అన్ని డిస్కులనూ చివరిదాకా చదివించి సరి-బేసి లెక్క సరిపోయిందో లేదో చూడాలి. చదవలేని చోట్లు ఉంటే అప్పుడే బయటపడతాయి. అప్పటికి కాపలా ఇంకా ఉన్నది కనుక బాగుచేసుకోవచ్చు.

రెండోది, కొత్త డిస్కును నమ్మకముందు పరీక్షించాలి. కొత్త కుండ కొన్నప్పుడు మీ అమ్మ నీళ్లు పోసి కారుతుందేమో చూస్తుంది కదా! అలాగే కొత్త డిస్కు మొత్తం ఒకసారి రాయించి, చదివించి చూడాలి. తయారీ లోపం ఉన్నవి సాధారణంగా మొదటి రోజుల్లోనే బయటపడతాయి.

కొనేటప్పుడు కూడా ఒక ప్రశ్న అడగాలి. కొన్ని డిస్కులలో రాత గీతలు పెంకుటింటి కప్పు మీది పెంకుల్లాగా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఎక్కువ దాచవచ్చు. కాని నడుమ ఒక పెంకు మార్చాలంటే దాని మీది పెంకులనూ కదపాలి కదా! అందువల్ల అటువంటి డిస్కు తిరగరాతలో చాలా నిదానం. కాపలా పెట్టెలకు గీతలు విడివిడిగా ఉండే డిస్కులు మేలు.

మూడోది, ఏ అరలో ఏ డిస్కు ఉన్నదో దాని మీది సీరియల్ నంబరుతో సహా కాగితం మీద రాసుకోవాలి. 'అ' అనుకొని 'ఆ'ను ఊడబీకితే పాడైన డిస్కు లేకుండానే మనం ఒకదాన్ని పోగొట్టినట్టు అవుతుంది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. పని జరుగుతున్నంతసేపూ పెట్టెలో కొత్తగా ఏమీ దాచకూడదు, ఏమీ చెరపకూడదు. బయటికి తీసిన పాత డిస్కును అలాగే భద్రంగా ఉంచాలి. ఎందుకో చెప్పగలరా? పెట్టెలో ఒక్క బిట్టు కూడా మారలేదు కనుక, తీసిన డిస్కు ఇప్పటికీ మిగిలినవాటితో లెక్క కుదిరే ఉన్నది. నడుమ మరొక డిస్కు పాడైతే కొత్తదాన్ని తీసి పాతదాన్ని తిరిగి పెట్టి పోయినదాన్ని రాబట్టుకోవచ్చు. ఒక్క ఫోటో కొత్తగా చేర్చినా ఆ స్థానాలలో లెక్క తప్పుతుంది. పాత డిస్కు అప్పుడు పాత చీటీ అయిపోతుంది.

ఇక మన ఊరికి తగిన జాగ్రత్తలు రెండు. రోహిణీ కార్తె ఎండల్లో, గాలి ఆడని గదిలో ఈ పని పెట్టుకోకండి. పదమూడు గంటలు తిరిగే డిస్కులు బాగా వేడెక్కుతాయి. కరెంటు పోయే గాలివాన రోజుల్లోనూ వద్దు. పోయినా కాసేపు నడిపించే బ్యాటరీ పెట్టె ఉంటే మంచిది.

సున్నా కలిపితే

కొత్త డిస్కులు రెండూ కుదురుకున్నాయి. లెక్క మరొకసారి సరిచూశాం, సరిపోయింది. ఇప్పుడు చేతిలో 4 టెరాబైట్ల పాత డిస్కులు రెండు మిగిలాయి. అయిదో అర ఖాళీగా ఉన్నది. పాత కాపలా డిస్కును అక్కడ 'ఈ' అనే పేరుతో పెట్టవచ్చు కదా?

పెట్టవచ్చు. కాని ఉన్నదున్నట్టుగా పెడితే దానిలోని పాత ఒకట్లు లెక్కను చెడగొడతాయి. కాపలా అంతా మళ్లీ కట్టాలి. అంతసేపూ మళ్లీ గండమే. దీనికి ఒక చక్కని ఉపాయం ఉన్నది. ముందుగా ఆ డిస్కు నిండా సున్నాలు రాయాలి. తర్వాత పెట్టెలో చేర్చాలి. ఒక మొత్తానికి సున్నా కలిపితే ఏమవుతుంది? మారదు! సరి సరిగానే ఉంటుంది, బేసి బేసిగానే ఉంటుంది. కాపలా ఒక్క క్షణం కూడా తప్పకుండా కొత్త డిస్కు చేరింది. ఇప్పుడు మన గాదె 20 టెరాబైట్లు. ఒకటో తరగతిలో నేర్చుకున్న సున్నా గుణం ఎక్కడ పనికివచ్చిందో చూశారా!

తీసిన పాత 'అ' డిస్కు ఇంకా చేతిలోనే ఉన్నది. దాన్ని పారెయ్యకండి. దానితో పని ఉన్నది.

కాపలా కాయలేనివి

సరి-బేసి కాపలా డిస్కు పాడవడం నుంచి కాపాడుతుంది. అంతకు మించి ఆశించకూడదు. తమ్ముడు పొరపాటున పెళ్లి ఫోటోలు చెరిపేశాడనుకోండి. పెట్టె ఆ మార్పును వెంటనే కాపలా డిస్కులోనూ నమోదు చేస్తుంది. పొరపాటు అని దానికి తెలియదు. వైరసు వచ్చి పాడుచేసినా అంతే. డిస్కులన్నీ ఒకే పెట్టెలో ఉన్నాయి కనుక దొంగ ఎత్తుకుపోయినా, అగ్ని అంటుకున్నా కాపలా కూడా వాటితోపాటే పోతుంది.

కృష్ణా డెల్టాలో మనకు అగ్ని కన్నా నీటి భయం ఎక్కువ. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచింది. సుమారు 30,000 మంది చనిపోయారని చెబుతారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం లేచి వచ్చింది. సుమారు 10,000 మంది ప్రాణాలు పోయాయి. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మీ ఊళ్లో ఆనాటివారు ఉంటే అడిగి చూడండి. ఇల్లు కొట్టుకుపోయినప్పుడు ఇంట్లోని పెళ్లి ఫోటో, పొలం కాగితం, చదువు సర్టిఫికెట్టు కూడా పోతాయి. పోయిన మనిషి ముఖం మళ్లీ చూసుకోవడానికి ఒక్క ఫోటో అయినా మిగలకపోవడం ఎంత బాధో వారికి తెలుసు.

నీటికి ఎదురుగా సరి-బేసి ఏమీ చెయ్యలేదు. అక్కడ పనికివచ్చేది ఒక్కటే: దూరాన మరో ప్రతి. ఎంత దూరాన? అదే వీధిలో బాబాయి ఇంట్లో పెడితే చాలదు. విజయవాడలో పెడితేనో? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. ఒకే ఏరు, ఒకే తుఫాను రెండు ఇళ్లనూ ఒకేసారి తాకని దూరం కావాలి. హైదరాబాదులో పిన్నిగారి ఇల్లు మంచిది.

ఇప్పుడు ఆ పాత 'అ' డిస్కు సంగతి. మళ్లీ పోతే దొరకనివాటిని ముందు ఏరండి. సినిమాలు మళ్లీ దొరుకుతాయి; తాతయ్య గొంతు దొరకదు. పెళ్లి ఫోటో, క్యాసెట్టు, దస్తావేజుల నకళ్లు దాని మీద రాసి, తెరిచి చదువుకోవడానికి వస్తున్నాయో లేదో సరిచూసి, పిన్నిగారు సంక్రాంతికి వచ్చినప్పుడు చేతికి ఇవ్వండి. మరుసటి ఏడు తిరిగి తెప్పించి కొత్తవి చేర్చండి. ఇంటి పెట్టెను మాత్రం నేల మీద కాక ఎత్తైన అలమారలో పెట్టండి.

తాటాకుల మీద రాసిన పుస్తకాలు వందల ఏళ్లు దాటి మనదాకా వచ్చాయి. ఆకు శిథిలమయ్యేలోగా ఎవరో కూర్చొని మరో ఆకు మీద ప్రతి రాశారు కనుక వచ్చాయి. డిస్కు మార్చే రోజున మీరు చేసేది కూడా ఆ పనే.

మీరూ చేసి చూడండి

నలుగురు మిత్రులు కలిసి కూర్చోండి. ముగ్గురు తలొక కాగితం మీద తమకు తోచినట్టు ఇరవై సున్నాలూ ఒకట్లూ రాయాలి. నాలుగోవారు వాటిని చూసి కాపలా కాగితం రాయాలి. తర్వాత ఒకరి కాగితాన్ని దాచేసి, మిగిలిన మూడింటితో దాన్ని తిరిగి రాయండి. ఒక్క అంకె అయినా తప్పిందేమో చూడండి. తర్వాత రెండు కాగితాలు దాచి ప్రయత్నించండి. ఎందుకు కుదరలేదో మిగిలినవారికి చెప్పండి.

ఈలోగా ఈ లెక్క చెయ్యండి. 'ఆ' డిస్కు పోయింది. దానిలో ఏముండేది?

అ : 1 1 0 0 1 0
ఇ : 0 1 1 0 1 1
కాపలా : 1 1 0 1 0 0

జవాబు: 0 1 1 1 0 1. మీకు వేరే జవాబు వస్తే ఒక్కొక్క నిలువు వరసలో నాలుగు అంకెలూ కలిపి చూడండి. ఏ వరసలో బేసి వచ్చిందో తప్పు అక్కడే ఉన్నది.